షుగరు నిర్ధారణ పరీక్షల్లో ఎవరికి ఏది సరిపోతుంది?

ఒకే ఉదయం, ఒకే చేతి నుంచి తీసిన రక్తానికి రెండు ఫలితాలు వచ్చాయనుకుందాం. పరగడుపు గ్లూకోజ్ 118, హెచ్‌బీఏ1సీ 6.6 శాతం. మొదటి అంకెను బట్టి చూస్తే ఆ మనిషికి ఉన్నది ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ. రెండో అంకెను బట్టి చూస్తే మధుమేహమే. ఇలాంటప్పుడు కొందరు ల్యాబును అనుమానిస్తారు, మరికొందరు తమకు నచ్చిన అంకెను గుర్తుంచుకుని నచ్చనిదాన్ని మరిచిపోతారు. నిజానికి రెండు అంకెలూ సరైనవే కావచ్చు. పరగడుపు పరీక్ష ఆ పూట, ఆ క్షణాన రక్తంలో ఉన్న గ్లూకోజ్‌ను చెబుతుంది. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటును, అదీ ఎర్ర రక్తకణాల మీద పడిన ముద్రను బట్టి, పరోక్షంగా చెబుతుంది. గ్లూకోజ్ తాగించి చేసే మూడో పరీక్ష ఒక్కసారిగా వచ్చిపడిన బరువును శరీరం ఎలా మోస్తుందో చెబుతుంది. అడిగిన ప్రశ్నలు వేరైనప్పుడు జవాబులు వేరుగా రావడంలో వింత లేదు. కాబట్టి అన్నిటిలోకీ మంచి పరీక్ష ఏదని కాక, నా పరిస్థితిలో ఏ పరీక్ష మాటను నమ్మవచ్చునని అడగడమే సరైన దారి అని నా అభిప్రాయం.

హద్దులు ఎక్కడ ఉన్నాయి, ఎందుకు అక్కడ ఉన్నాయి

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం పరగడుపు ప్లాస్మా (అంటే కణాలను వేరు చేశాక మిగిలే రక్తద్రవం) గ్లూకోజ్ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 వరకు ఉంటే ప్రీడయాబెటిస్, 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం. 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు తీసిన రక్తంలో 140 లోపు మామూలు, 140 నుంచి 199 వరకు ప్రీడయాబెటిస్, 200 నుంచి పైకి మధుమేహం. హెచ్‌బీఏ1సీ 5.7 శాతం లోపు మామూలు, 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, 6.5 నుంచి పైకి మధుమేహం. వీటికి తోడు నాలుగో దారి ఒకటుంది: అతి దాహం, అతి మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటి లక్షణాలు స్పష్టంగా ఉన్న మనిషిలో ఏ వేళ తీసిన రక్తంలోనైనా గ్లూకోజ్ 200 చేరితే అది మధుమేహమే. కొన్ని రిపోర్టులలో గ్లూకోజ్‌ను లీటరుకు మిల్లీమోల్‌లలో ఇస్తారు. ఆ అంకెను 18తో గుణిస్తే మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. 7.0 అంటే 126, 11.1 అంటే 200. అలాగే హెచ్‌బీఏ1సీ 48 అని కనబడితే కంగారు పడనక్కర్లేదు, అది వేరే ప్రమాణంలో రాసిన 6.5 శాతమే.

ఈ హద్దులు ప్రకృతి గీసినవి కావు, నిపుణుల సంఘాలు కూర్చుని గీసినవి. ఒకటి రెండు సార్లు చెరిపి మళ్లీ గీసినవి కూడా. 1979లో అమెరికాలోని నేషనల్ డయాబెటిస్ డేటా గ్రూప్ పరగడుపు హద్దును 140గా పెట్టింది. 1997లో నిపుణుల సంఘం దాన్ని 126కు దించింది. అందుకు ముఖ్యమైన ఆధారం కన్ను. రక్తంలో గ్లూకోజ్ ఎంత దాటాక రెటీనాలోని సన్నని రక్తనాళాలు చెడిపోవడం మొదలవుతుందో వేర్వేరు జనసమూహాలలో పరిశీలించి, ఆ మలుపుకు దగ్గరగా గీత గీశారు. 2009లో అంతర్జాతీయ నిపుణుల సంఘం ఇదే తర్కంతో హెచ్‌బీఏ1సీకి 6.5ను సిఫారసు చేయగా, 2010లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని నిర్ధారణకు అంగీకరించాయి.

ప్రీడయాబెటిస్ హద్దుకు ఇంతటి గట్టి ఆధారం లేదు, ఎందుకంటే అక్కడ చెప్పుకోదగ్గ మలుపు ఏదీ లేదు. గ్లూకోజ్ పెరిగే కొద్దీ మున్ముందు మధుమేహం వచ్చే అవకాశం మెల్లగా, ఎక్కడా మెట్టు లేకుండా పెరుగుతూ పోతుంది. అందువల్లనే ఇక్కడ సంస్థల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. 2003లో అమెరికన్ సంఘం పరగడుపు కింది హద్దును 110 నుంచి 100కు దించితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 110 దగ్గరే ఆగిపోయింది. బ్రిటన్‌లో హెచ్‌బీఏ1సీ 6.0 నుంచి 6.4 వరకే ముందు దశగా లెక్కిస్తారు, 5.7 నుంచి కాదు. పరగడుపున 104 వచ్చిన మనిషి ఒక ప్రమాణం ప్రకారం ప్రీడయాబెటిస్ ఉన్నవాడు, మరో ప్రమాణం ప్రకారం మామూలు మనిషి. కాగితం మీద పేరు మారినంత మాత్రాన అతని శరీరంలో ఏదీ మారలేదన్నది గుర్తుంచుకుంటే, అనవసరమైన భయమూ తగ్గుతుంది, అనవసరమైన ధీమా కూడా తగ్గుతుంది.

పరగడుపు పరీక్ష

దీనికి కావలసినది కనీసం ఎనిమిది గంటలు క్యాలరీలు ఉన్నదేదీ తీసుకోకుండా ఉండడం, అంతే. మంచినీళ్లు తాగవచ్చు. రక్తం ఉదయమే ఇవ్వాలి. పరగడుపునే ఉన్నా మధ్యాహ్నం దాకా ఆగి ఇస్తే అంకె తగ్గి కనబడవచ్చు, అలా కొందరి మధుమేహం దొరక్కుండా పోతుంది. చౌకగా, వేగంగా, దాదాపు ప్రతి ల్యాబులోనూ జరిగే పరీక్ష కావడం దీని బలం. రక్తహీనత గానీ, హీమోగ్లోబిన్ లోపాలు గానీ దీని ఫలితాన్ని హెచ్‌బీఏ1సీని చెడగొట్టినట్టు చెడగొట్టవు.

దీని బలహీనతలు మూడు. ఒకటి, రోజువారీ ఊగిసలాట. జ్వరం, ఇన్‌ఫెక్షన్, నిద్రలేమి, స్టిరాయిడ్ మందులు దీన్ని పైకి తోస్తాయి. ఇవేవీ లేకపోయినా ఒకే మనిషిలో ఒక వారానికీ మరో వారానికీ ఐదారు శాతం తేడా సహజం. అందువల్ల ఈ నెల 124, వచ్చే నెల 129 వస్తే వ్యాధి ముదిరిందని అనుకోకూడదు. బహుశా అవి రెండూ ఒకే అంకె.

రెండోది చాలామందికి తెలియని సంగతి. సూదితో తీసిన రక్తం గొట్టంలోకి వెళ్లాక కూడా బతికే ఉంటుంది. అందులోని కణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి, గది వేడిలో గంటకు సుమారు 5 నుంచి 7 శాతం చొప్పున. అంటే 130 ఉన్న రక్తం వేరు చేయకుండా గంట సేపు బల్ల మీద ఉండిపోతే 122 దగ్గరికి దిగి, మధుమేహం కాస్తా ప్రీడయాబెటిస్‌గా నమోదు కావచ్చు. ఇందుకని గొట్టంలో సోడియం ఫ్లోరైడ్ వేస్తారు. అయితే ఫ్లోరైడ్ పూర్తిగా పనిచేయడానికి గంటకు పైగానే పడుతుంది, ఆలోపు జరిగే నష్టం జరుగుతూనే ఉంటుంది. సిట్రేట్ కలిపిన గొట్టాలు గానీ, మంచులో ఉంచి అరగంటలోపు ప్లాస్మాను వేరు చేయడం గానీ దీనికి మెరుగైన విరుగుడు. ఇది రోగి చేతిలో ఉన్న విషయం కాదు, కానీ ఒకటి మాత్రం చేతిలో ఉంది: రక్తాన్ని దూరానికి పంపే సేకరణ కేంద్రంలో కాక, అక్కడికక్కడే పరీక్షించే చోట ఇవ్వడం. హద్దుకు దగ్గరగా ఉన్న ఫలితం విషయంలో ఈ చిన్న తేడాకు విలువ ఉంది.

మూడోది మౌలికమైనది. పరగడుపు గ్లూకోజ్ ప్రధానంగా కాలేయం గురించి చెబుతుంది, ఎందుకంటే రాత్రంతా రక్తంలోకి గ్లూకోజ్ వదిలేది అదే. ఇన్సులిన్ మాట కండరాలు వినకపోవడం వల్ల భోజనం తరువాతి అంకె మాత్రమే పెరిగే మనుషులు ఉన్నారు. వారికి పరగడుపు అంకె చాలా కాలం నిర్దోషంగా కనబడుతుంది.

హెచ్‌బీఏ1సీ

గ్లూకోజ్ రక్తంలో తిరుగుతూ తిరుగుతూ ఎర్ర కణాలలోని హీమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది, ఒకసారి గట్టిగా అతుక్కున్నాక ఆ కణం బతికినంత కాలం ఊడదు. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అతుక్కున్న భాగం ఎంత శాతమో కొలిస్తే, ఆ కణాలు ఎంత తీపిలో ఈదాయో తెలుస్తుంది. మధుమేహం ఉన్నవారి రక్తంలో ఈ రకం హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుందని 1968లో శామ్యూల్ రహ్బార్ ప్రచురించారు. కొలత పద్ధతులు ఒక ల్యాబుకూ మరో ల్యాబుకూ పొంతన లేకుండా ఉండడం వల్ల, దీన్ని నిర్ధారణకు వాడే ధైర్యం రావడానికి మాత్రం నాలుగు దశాబ్దాలు పట్టింది. మూడు నెలల సగటు అంటారు గానీ అన్ని రోజులకూ సమాన వాటా లేదు. ఫలితంలో దాదాపు సగం చివరి నెలదే. 6.5 శాతం అంటే సగటు గ్లూకోజ్ సుమారు 140 అనీ, 5.7 అంటే సుమారు 117 అనీ లెక్క.

సౌలభ్యంలో దీనికి సాటి లేదు. పరగడుపు అక్కర్లేదు, ఏ వేళయినా ఇవ్వవచ్చు, గొట్టంలో గంటల తరబడి ఉన్నా ఫలితం చెక్కుచెదరదు, నిన్నటి జ్వరానికీ ఇవాళ్టి కంగారుకూ కదలదు. మూడు పరీక్షల్లోనూ మళ్లీ చేస్తే దాదాపు అదే జవాబు ఇచ్చేది ఇదే. అందుకే ఇప్పుడు చాలామంది వైద్యులు మొదట దీన్నే రాస్తున్నారు. ఇక్కడే నాకు కొంత పేచీ ఉంది. హెచ్‌బీఏ1సీ గ్లూకోజ్‌ను కొలవదు. గ్లూకోజ్‌నూ ఎర్ర కణం వయసునూ కలిపి కొలుస్తుంది. రెండోది మామూలుగా ఉందన్న నమ్మకం ఉంటే తప్ప మొదటిదాని గురించి అది చెప్పే మాటకు విలువ లేదు.

ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో పాత కణాలు ఎక్కువ కాలం తిరుగుతుంటాయి గనుక, గ్లూకోజ్ పెరగకపోయినా హెచ్‌బీఏ1సీ పెరిగి కనబడవచ్చు. ఇనుము మాత్రలు వాడాక అదే మనిషిలో అది తగ్గుతుంది. 5.8 చూసి ప్రీడయాబెటిస్ అని కుంగిపోయిన మనిషికి అసలు ఉన్నది ఇనుము లోపం కావచ్చు. దీనికి వ్యతిరేకంగా, ఎర్ర కణాలు తొందరగా నశించే స్థితులన్నిటిలోనూ ఇది తప్పుగా తగ్గుతుంది: కణాలు పగిలిపోయే రక్తహీనతలు, జీ6పీడీ ఎంజైము లోపం, ఈమధ్య జరిగిన రక్తస్రావం లేదా రక్తం ఎక్కించుకోవడం, డయాలిసిస్, ఎర్ర కణాల తయారీని పెంచే ఎరిత్రోపోయిటిన్ సూదులు, గర్భం రెండో మూడో త్రైమాసికాలు. సికిల్ సెల్, తలసీమియా వంటి వంశపారంపర్య హీమోగ్లోబిన్ మార్పులు ఉన్నవారిలో రెండు రకాల ఇబ్బంది వస్తుంది. కొన్నిచోట్ల కణం ఆయుష్షు మారుతుంది, మరికొన్నిచోట్ల యంత్రమే పొరబడుతుంది. యంత్రం పొరపాటును వేరే పద్ధతి ఎంచుకుని తప్పించుకోవచ్చు, ఆయుష్షు మారితే మాత్రం ఏ పద్ధతీ కాపాడదు. హెచ్‌ఐవీకి వాడే కొన్ని మందులు కూడా దీన్ని తగ్గించి చూపుతాయి.

మరో లోటు దాని నిదానం. గ్లూకోజ్ కొద్ది వారాల్లో భగ్గుమని పెరిగినప్పుడు, ముఖ్యంగా పిల్లల్లో, యువకుల్లో వచ్చే టైప్ 1 మధుమేహంలో, హెచ్‌బీఏ1సీ ఇంకా పాత రోజుల సగటునే మోస్తూ ఉండవచ్చు.

గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష

దీన్ని గ్లూకోజ్ టాలరెన్స్ టెస్ట్ అంటారు, వాడుకలో జీటీటీ. పరగడుపున ఒకసారి రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్‌ను నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లో తాగించి, రెండు గంటల తరువాత మళ్లీ తీస్తారు. ఆ రెండు గంటలూ కూర్చునే ఉండాలి, నడకలూ పొగ తాగడమూ పనికిరావు. చాలామందికి వికారంగా ఉంటుంది, కొందరికి వాంతి అవుతుంది, అలా జరిగితే పరీక్ష మరో రోజుకు వాయిదా పడుతుంది. ఒక పూట అంతా పోతుంది. ఇంత చేసినా, ఒకే మనిషికి రెండు సార్లు చేస్తే రెండు గంటల అంకె తేడాగా రావడం మిగతా రెండు పరీక్షల కంటే దీనిలో ఎక్కువ.

మరి ఎందుకు చేయాలి? మిగతా రెండూ వదిలేసినవారిని పట్టేది ఇదే కాబట్టి. పరగడుపు అంకె, హెచ్‌బీఏ1సీ రెండూ హద్దులోపు ఉండి, రెండు గంటల అంకె మాత్రం 200 దాటే మనుషులు తక్కువేమీ కాదు. మరో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. ప్రీడయాబెటిస్ దశలో జీవన విధానం మార్చుకుంటే మధుమేహాన్ని ఆపవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు అన్న ధీమా మనకు వచ్చింది 1986లో చైనాలోని డాచింగ్‌లో మొదలైన అధ్యయనం, 2001లో ఫిన్లండ్ ఫలితాలు, 2002లో అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాల నుంచి. చివరి రెండింటిలోనూ ఆహారం, వ్యాయామం, బరువు తగ్గుదలతో ముప్పు 58 శాతం తగ్గింది. ఈ మూడు అధ్యయనాల్లోనూ మనుషులను ఎంచుకున్నది హెచ్‌బీఏ1సీతో కాదు, జీటీటీతో. కాబట్టి ఆ 58 శాతం లాభం ఎవరికి రుజువైందంటే రెండు గంటల అంకె 140 దాటినవారికి. హెచ్‌బీఏ1సీ 5.8 ఉన్నంత మాత్రాన ఆ అంకెను తనకు పూర్తిగా వర్తింపజేసుకోవడం కాస్త తొందరపాటు. అలాగని ఆ మార్పులు అతనికి చెడు చేస్తాయని కాదు.

ఈ పరీక్షకు ముందు జాగ్రత్త ఒకటి చాలా అవసరం. ముందు మూడు రోజులూ రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థాలు తినాలి. బరువు తగ్గడానికి పిండిపదార్థాలు బాగా మానేసినవారు అలాగే వచ్చి గ్లూకోజ్ తాగితే, ఆ పనికి అలవాటు తప్పిన శరీరం తడబడి అంకె తప్పుగా పెరుగుతుంది. పరీక్ష కోసమని రెండు రోజులు ఉపవాసం ఉండి వచ్చేవారిదీ ఇదే కథ.

2024లో ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్ ఈ పరీక్షలో ఒక గంట అంకెను కూడా వాడవచ్చని ప్రతిపాదించింది: 155 నుంచి పైన ముందు దశ, 209 నుంచి పైన మధుమేహం. రెండు గంటల నిరీక్షణ ఒక గంటకు తగ్గడం మంచిదే.

ఇక్కడ తరచూ జరిగే ఒక గందరగోళాన్ని విడమరచాలి. భోజనం చేసిన రెండు గంటలకు చేసే పీపీ పరీక్ష జీటీటీ కాదు. భోజనంలో ఎంత పిండిపదార్థం ఉందో, ఎంతసేపు తిన్నారో మనిషి మనిషికీ మారుతుంది గనుక దానికి నిర్ధారణ హద్దు లేదు. ఇప్పటికే మధుమేహం ఉన్నవారిలో మందులు ఎలా పనిచేస్తున్నాయో చూడడానికి అది పనికొస్తుంది, కొత్తగా పేరు పెట్టడానికి కాదు.

నిర్ధారణకు పనికిరానివి

ఇంట్లో వాడే గ్లూకోమీటర్ ఎంత మంచిదైనా నిర్ధారణ యంత్రం కాదు. 2013 నాటి ఐఎస్‌ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100కు పైన ఉన్న అంకెలలో 95 శాతం ఫలితాలు 15 శాతం అటూ ఇటూ లోపల ఉంటే ఆ మీటరు పాసైనట్టే. అంటే అసలు విలువ 126 అయితే, మీటరు 107 చూపినా 145 చూపినా తన ప్రమాణం తప్పనట్టే. ఒకటి మామూలు పైన కొంచెం, మరొకటి స్పష్టమైన మధుమేహం. వేలి మీద తీపి అంటుకుని ఉంటే చెప్పనక్కర్లేదు. మీటరులో అనుమానం వస్తే ల్యాబుకు వెళ్లాలి, అంతవరకే దాని పని.

మూత్రంలో చక్కెర చూడడం పాత పద్ధతి. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటాక గానీ మూత్రపిండాలు దాన్ని వదలవు, కాబట్టి తొలి దశలన్నీ తప్పించుకుపోతాయి. పైగా కొన్ని కొత్త మధుమేహ మందులు పని చేసేదే మూత్రంలోకి చక్కెరను పంపి. చర్మానికి అతికించుకునే సెన్సర్లు ఆసక్తికరమైనవే గానీ, ఆరోగ్యవంతులకు కూడా భోజనం తరువాత అప్పుడప్పుడు 140 దాటడం సహజమని తెలియకుండా ఆ గీతలను చూస్తే నిద్ర కరువవుతుంది. వాటికి నిర్ధారణ హద్దులు లేవు. రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష హెచ్‌బీఏ1సీ పనికిరానివారిలో చికిత్సను గమనించడానికి ఉపయోగపడుతుంది, నిర్ధారణకు హద్దు దానికీ లేదు. యాంటీబాడీ పరీక్షలు, శరీరం ఎంత ఇన్సులిన్ తయారు చేస్తోందో చూపే సీ-పెప్టైడ్ పరీక్ష మధుమేహం ఉందా అన్నదానికి కాక, ఉన్నది ఏ రకం అన్నదానికి జవాబిస్తాయి.

ఎవరికి ఏది

లక్షణాలేవీ లేక, వయసు 35 దాటడం వల్లనో, బరువు వల్లనో, తల్లిదండ్రులకు ఉండడం వల్లనో పరీక్ష చేయించుకునే పెద్దవారికి నేను సూచించేది ఒకే రక్త సేకరణలో పరగడుపు గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ రెండూ. ఖర్చు కొంచెం పెరిగినా రెండు లాభాలున్నాయి. రెండూ మధుమేహ హద్దు దాటితే రెండోసారి రావలసిన పని లేకుండా ఆ రోజే నిర్ధారణ పూర్తవుతుంది. రెండూ ఒకదానికొకటి చాలా దూరంగా ఉంటే, ఎర్ర కణాల సంగతి చూడాలన్న హెచ్చరిక ముందే దొరుకుతుంది. రెండూ మామూలుగా వస్తే మూడేళ్లకోసారి, ప్రీడయాబెటిస్ అని తేలితే ఏడాదికోసారి మళ్లీ చూసుకోవాలి.

పరగడుపున ఉండడం ఏ కారణం చేతనైనా కుదరనివారికి, రక్తహీనత లేదని తెలిసినట్లయితే, హెచ్‌బీఏ1సీ ఒక్కటే చాలు. రక్తహీనత, హీమోగ్లోబిన్ లోపం, డయాలిసిస్, ఈమధ్య రక్తం ఎక్కించుకోవడం వంటివి ఉంటే గ్లూకోజ్ పరీక్షలనే నమ్మాలి. ముందుగా ఒక మామూలు రక్త కణాల లెక్క చేయించుకుని ఉంటే ఈ నిర్ణయం తేలిక.

గర్భిణులకు లెక్క వేరు. వారిలో అతి స్వల్పమైన పెరుగుదల కూడా బిడ్డ బరువు మీద, ప్రసవం మీద ప్రభావం చూపుతుందనీ, ఆ ముప్పుకు స్పష్టమైన గీత ఏదీ లేదనీ 2008లో వెలువడిన హాపో అధ్యయనం చూపింది. దాని ఆధారంగా 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల జీటీటీలో పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 అన్న హద్దులు వచ్చాయి; మూడింటిలో ఏ ఒక్కటి దాటినా గర్భకాల మధుమేహమే. ముందు 50 గ్రాములతో ఒక వడపోత, అందులో పెరిగినవారికి 100 గ్రాములతో మరో పరీక్ష అన్న రెండు మెట్ల పద్ధతిని కూడా కొన్నిచోట్ల పాటిస్తారు. ఏది చేసినా, ఆ దశలో హెచ్‌బీఏ1సీ మీద ఆధారపడడం సరికాదు. గర్భకాల మధుమేహం వచ్చినవారికి ప్రసవమైన 4 నుంచి 12 వారాల లోపు మళ్లీ 75 గ్రాముల పరీక్ష జరగాలి. బిడ్డ పనుల్లో పడి ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ పరీక్షనే. ఆ తల్లులకు తరువాతి కాలంలో మధుమేహం వచ్చే అవకాశం మిగతావారి కంటే చాలా ఎక్కువ గనుక ఇది విచారకరం.

దీర్ఘకాలం స్టిరాయిడ్ వాడేవారిలో పరగడుపు అంకె మోసం చేస్తుంది. ఉదయం వేసుకున్న మాత్ర మధ్యాహ్నం, సాయంత్రం గ్లూకోజ్‌ను పెంచి తెల్లారేసరికి దించేస్తుంది, కాబట్టి వారిలో మధ్యాహ్న భోజనం తరువాత చూడడం అవసరం. అవయవ మార్పిడి చేయించుకున్నవారికీ, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి ఉన్నవారికీ జీటీటీయే మేలు. ఆసుపత్రిలో పెద్ద జబ్బుతో చేరినప్పుడు తొలిసారిగా 200 కనబడితే, అది జబ్బు ఒత్తిడి వల్ల వచ్చిన తాత్కాలిక పెరుగుదలా, లేక తెలియకుండా ఎప్పటి నుంచో ఉన్న మధుమేహమా అన్నది తేల్చడంలో మాత్రం హెచ్‌బీఏ1సీకి మించినది లేదు. రక్తం ఎక్కించే ముందే నమూనా తీయాలి.

ఒక్క సందర్భంలో ఈ పోలికలన్నీ పక్కన పెట్టాలి. పిల్లల్లో గానీ పెద్దల్లో గానీ విపరీతమైన దాహం, మూత్రం, బరువు తగ్గుదలతో పాటు వాంతులు, కడుపునొప్పి, లోతైన వేగవంతమైన శ్వాస, మగత కనబడితే పరగడుపు కోసం మర్నాటిదాకా ఆగకూడదు. ఆ క్షణాన గ్లూకోజ్ చూడాలి, కీటోన్లు (ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించినప్పుడు రక్తంలో పేరుకునే పదార్థాలు) చూడాలి, వెంటనే ఆసుపత్రికి చేరాలి.

ఫలితాలు కలవనప్పుడు

లక్షణాలు లేని మనిషిని ఒక్క అంకెతో మధుమేహి అని తేల్చకూడదు. హద్దు దాటిన ఫలితాలు రెండు కావాలి. అవి ఒకే రక్తం మీద చేసిన రెండు వేర్వేరు పరీక్షలవి కావచ్చు, లేదా వేర్వేరు రోజుల్లో చేసిన ఒకే పరీక్షవి కావచ్చు. హెచ్‌బీఏ1సీ ఒకసారి 7.0, మళ్లీ చేస్తే 6.8 వచ్చినా నిర్ధారణ అయినట్టే. అంకె తగ్గిందని కాదు, రెండుసార్లూ హద్దు దాటిందని చూడాలి. రెండు పరీక్షల్లో ఒకటి దాటి మరొకటి దాటకపోతే, దాటినదాన్నే మళ్లీ చేయాలి, దాటనిదాన్ని కాదు. చాలామంది మనసు రెండోదాని వైపే లాగుతుంది.

మొదట చెప్పుకున్న మనిషి విషయంలో, అతనికి రక్తహీనత లేదని తేలాక, మళ్లీ చేయవలసింది హెచ్‌బీఏ1సీ. అది 6.5 గానీ పైన గానీ వస్తే, పరగడుపు అంకె 118 దగ్గరే ఉన్నా అతనికి ఉన్నది మధుమేహం. 6.4 వస్తే ఆ పేరు ప్రస్తుతానికి పెట్టరు, కానీ అతను హద్దు పక్కనే నిలబడి ఉన్నాడు గనుక మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ రక్తం ఇవ్వాలి. పరగడుపు, హెచ్‌బీఏ1సీ అప్పుడు కూడా ఎడమొహం పెడమొహంగానే ఉంటే, ఆ పూటంతా పోయినా సరే జీటీటీ చేయించుకోవడం మంచిది.